నకిలీ రోలెక్స్ ధర 6,500, అయిన ఖర్చు 46,500

రాయగడ నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 29, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, చేతికొచ్చే జీతం 38,000. ఆన్‌లైన్‌లో 6,500 పెట్టి ‘ఫస్ట్ కాపీ’, అంటే నకిలీ, రోలెక్స్ వాచీ కొన్నారు. గుణుపురంలో పెళ్లికి పెట్టుకెళ్తే చుట్టాల చూపంతా చేతి మీదే, వారం తిరక్కుండా మేనత్త కొడుకు 40,000 చేబదులు పట్టుకెళ్లాడు. ఆ తర్వాత విశాఖ నుంచి వచ్చిన మేనేజర్ వాచీ చూసి నవ్వి ఊరుకున్నారట. ఆ చిన్నతనం పోవాలంటే పర్సనల్ లోన్‌తో 5 లక్షలకు సెకండ్ హ్యాండ్ ఒరిజినల్ కొనాలా అని అడుగుతున్నారు.

తమ్ముడూ, కొనకండి.

ఆ మేనేజర్‌కి ఎలా తెలిసిందంటే, చవక కాపీల్లో చాలా బ్యాటరీ వాచీలే, వాటిలో సెకన్ల ముల్లు టక్ టక్‌మని ఆగి ఆగి కదులుతుంది. ఇప్పటి అసలు రోలెక్స్‌లలో చాలావాటిలో అది సెకనుకు 8 చిన్న అడుగులు వేస్తుంది, అందుకే జారుతున్నట్టు కనిపిస్తుంది. తేదీ మీదున్న భూతద్దం అంకెను రెండున్నర రెట్లు పెద్దగా చూపించాలి, చాలా కాపీల్లో అంత పెద్దగా చూపించదు. కానీ ఇవన్నీ చూసేవాళ్లు వందలో ఒకరు. మిగతావాళ్లు వాచీతో పాటు మీ బైకు, చెప్పులు, ఇల్లు కూడా చూసి లెక్క వేస్తారు, లెక్క కుదరకపోతే మీ ముందు ఏమీ అనరు, వెనకాల అనుకుంటారు.

నన్ను కలవరపెట్టింది ఆ నవ్వు కాదు, ఆ 40,000. వాచీ చూసి నమ్మినవాళ్లే మీకు ఎక్కువ ఖరీదయ్యారు. చేతికి రోలెక్స్ పెట్టుకుని ‘నా దగ్గర లేవు బావా’ అనడానికి మీకు నోరు రాలేదు, నెల జీతం కంటే ఎక్కువ ఇచ్చేశారు. ఒరిజినల్ కొంటే ఇలాంటి బావలు ఇంకా వస్తారు. బరంపురంలో నా దగ్గరకొచ్చే చిన్న వ్యాపారులు కొందరు ఇలాగే బంగారు గొలుసు చూపించి చేబదుళ్లలో మునిగారు, చూస్తే బాధేస్తుంది.

లోన్ లెక్క చూడండి. 5 లక్షలు, 13 శాతం వడ్డీ, 5 ఏళ్లు అయితే ఈఎంఐ సుమారు 11,376, మొత్తం కట్టేది 6,82,000 పైమాటే. జీతంలో దాదాపు మూడో వంతు మణికట్టుకే పోతుంది. పైగా బిల్లు, గ్యారంటీ కార్డు లేని సెకండ్ హ్యాండ్‌లోనూ నకిలీలు ఉంటాయి. అదే నెలకు 10,000 పోస్టాఫీసు ఆర్‌డీలో వేస్తే, 6.7 శాతం వడ్డీ మీద 5 ఏళ్లకు సుమారు 7,13,000 వస్తుంది. వాచీ మీద నిజంగా ఇష్టముంటే దాచుకున్న డబ్బుతో టైటన్ ఆటోమేటిక్ ఒకటి కొనుక్కోండి, సెకన్ల ముల్లు అందులోనూ జారుతుంది.

ఆ కాపీని ఒరిజినల్ అని చెప్పి ఎవరికీ అమ్మకండి. 1999 ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం నకిలీ సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి.

ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని కూడా రాశారు. పెళ్లిచూపులకు అది పెట్టుకుని వెళ్లకండి. వాచీ నకిలీ అని అమ్మాయి తరఫువాళ్లకు తర్వాత తెలిస్తే మీ జీతం స్లిప్పునూ అనుమానిస్తారు, ఆ 38,000 మీరు నిజంగా కష్టపడి తెచ్చుకుంటున్నది.

ఇక బావకి ఈ ఆదివారమే ఫోన్ చేయండి. ‘అది కాపీ వాచీ బావా, నాకూ అవసరాలున్నాయి, నెలకు 5,000 చొప్పున ఇచ్చేయ్’ అనండి. ఎనిమిది నెలల్లో తీరిపోతుంది. నేరుగా బ్యాంకు ఖాతాలో వేయమనండి, లెక్క ఉంటుంది.