మోరిసో పెయింటింగ్ చవగ్గా వస్తోంది, కొనచ్చా?

సందేహం: టొరంటోలో కొత్తగా ఇల్లు కొన్నాం. ఆన్‌లైన్ వేలంలో నార్వల్ మోరిసో పెయింటింగ్ చవగ్గా కనబడింది. సర్టిఫికెట్ కూడా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: అమ్మేవాడు రాసిచ్చే సర్టిఫికెట్ రుజువు కాదండీ. కెనడాలోని అనిషినాబే అనే ఆదివాసీ జాతికి చెందిన చిత్రకారుడు మోరిసో 2007లో పోయారు. ఆయన పేరుతో ఒంటారియోలోని థండర్ బే నగరంలో ఏళ్లతరబడి నకిలీలు తయారయ్యాయి. 2023 మార్చిలో పోలీసులు ఎనిమిది మందిని అరెస్టు చేసి, వెయ్యికి పైగా బొమ్మలు పట్టుకున్నారు. ఒక ముఠాలో ఒకడు పెన్సిల్‌తో బొమ్మ గీసి, ఏ భాగానికి ఏ రంగో అక్షరాలతో గుర్తుపెట్టేవాడు. మిగతావాళ్లు రంగులు నింపేవాళ్లు. ఇన్‌ఫ్రారెడ్ ఫొటోల్లో రంగు కింద ఆ అక్షరాలు బయటపడ్డాయి.

ముందువైపు క్రీ లిపి (అక్కడి ఆదివాసీల లిపి) సంతకం చూసి నమ్మకండి, నకిలీల మీదా అది ఉంటుంది. కాన్వాసు వెనక పొడి కుంచెతో, నల్లరంగులో ఇంగ్లిష్ సంతకం, 1970ల నాటి తేదీ ఉంటే మాత్రం అక్కడే ఆగిపోండి, నకిలీల వెనక తరచూ కనబడేది అదే.

డబ్బు కట్టకముందే వెనకవైపు ఫొటో, మొదట ఎవరు ఎప్పుడు ఎక్కడ కొన్నారన్న వివరం రాతపూర్వకంగా అడగండి. వాళ్లు చెప్పిన పాత యజమానికి, గ్యాలరీకి మీరే ఫోన్ చేయండి, ఎందుకంటే ఆ చరిత్రనీ అల్లేస్తారు. సంగీతకారుడు కెవిన్ హెర్న్ 2005లో మోరిసో పేరున్న బొమ్మని గ్యాలరీలోనే 20,000 డాలర్లు పెట్టి కొన్నారు. అది నకిలీ అంటూ గ్యాలరీ మీద దావా వేస్తే, అప్పీల్ కోర్టు ఆయనకి 60,000 డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పేసరికి 2019 వచ్చింది. బిల్లు మీద చిత్రకారుడి పేరు, నకిలీ అని తేలితే పూర్తి డబ్బు వాపసు అన్న మాట ఉండాలి. ఒంటారియోలో మోసం తెలిసిన రోజు నుంచి దావాకి సాధారణంగా రెండేళ్లే గడువు. నకిలీ అని తెలిశాక ఇంకొకరికి అంటగడితే ఆ నేరం మీదవుతుంది.

నష్టం కొన్నవాడితో ఆగదు. మోరిసో బతికుండగానే ఇవి నావి కావని మొత్తుకున్నా గ్యాలరీలు పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు అసలు బొమ్మల్నీ అనుమానంగానే చూస్తున్నారు. నకిలీల్లోని అరకొర గీతల్ని ఆయన శైలి అనుకున్నవాళ్లకి అసలు మోరిసో ఎలా తెలుస్తాడు?

గోడకి బొమ్మే కావాలంటే ఇప్పుడు పనిచేస్తున్న ఆదివాసీ చిత్రకారుల దగ్గర నేరుగా కొనండి. ఇనుయిట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసీల) రాతి శిల్పమైతే ఇగ్లూ ట్యాగ్ అడగండి. 1958 నుంచి ఉన్న ఆ గుర్తు మీద శిల్పి పేరు, ఊరు ఉంటాయి. రాయి చేతికి చల్లగా, బరువుగా తగులుతుంది. అచ్చుపోసిన రెజిన్ తేలిగ్గా ఉంటుంది, అంచున అతుకు గీత కనిపిస్తుంది, పక్క షాపులో దాని కవల కూడా ఉంటుంది.