గాత్రం మాన్పించి పియానో ఒక్కటే చదివించాలా?

మీ అమ్మాయి పియానో, కాంపోజిషన్ (సంగీత రచన) చదివి అమెరికాలో ప్రొఫెసర్ కావాలనుకుంటోంది, అందుకోసం కర్ణాటక గాత్రం మానేస్తానంటోంది, ఏం చేయమంటారని అడిగారు. నేను చెన్నై వడపళనిలో పిల్లలకు పియానో నేర్పుతాను. పియానో చదవనివ్వండి, గాత్రం మాత్రం మాన్పించకండి.

హంగేరీ సంగీతకర్త బేలా బార్టోక్ సంగతే చూడండి. 1907 నుంచి 1934 దాకా బుడాపెస్ట్ అకాడమీలో పియానో ప్రొఫెసర్. నాజీల పొడ గిట్టక 1940లో, 59 ఏళ్ల వయసులో, భార్యతో కలిసి న్యూయార్క్ చేరారు. అంత పేరున్నా కచేరీలు అంతంతమాత్రమే. కాంపోజిషన్ నేర్పడం ఆయనకు మొదటినుంచీ ఇష్టం లేదు. కొలంబియా యూనివర్సిటీలో యుగొస్లావియా జానపద పాటల రికార్డింగులు విని స్వరాలు రాసే పని దొరికింది. అదీ గడువు ముగిసినప్పుడల్లా పొడిగిస్తారో లేదోనన్న టెన్షనే. వయసులో ఉన్నప్పుడు పాటలు రికార్డు చేసే ఫోనోగ్రాఫ్ యంత్రం మోసుకుని పల్లెలు తిరిగి రైతుల పాటలు సేకరించారు కాబట్టే ఆ పనైనా వచ్చింది. పరాయి దేశంలో ఆయన్ని ఆదుకున్నది ఆ పల్లెపాటల చదువే. మీ అమ్మాయికి గాత్రం అలాంటిదే.

1943లో జబ్బు ముదిరితే వైద్యం ఖర్చు అక్కడి సంగీతకర్తల సంఘం పెట్టుకుంది. బోస్టన్ ఆర్కెస్ట్రా కండక్టర్ కూసెవిట్‌స్కీ ఆసుపత్రికే వచ్చి, వెయ్యి డాలర్లకు కొత్త రచన చేసిపెట్టమన్నారు. అలా పుట్టిన 'కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా' 1944 డిసెంబరులో బోస్టన్‌లో వినిపించింది. మరుసటి సెప్టెంబరులో ఆయన లుకేమియాతో పోయారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

పియానో నేర్చుకునేవాళ్ల కోసం ఆయన రాసిన 'మైక్రోకాస్మోస్'లో 153 పాఠాలున్నాయి. చివరి ఆరూ బల్గేరియన్ లయలో నడిచే నృత్యాలు. 150వది ఐదు అక్షరాల లెక్క, రెండూ మూడుగా విరుగుతుంది. గ్రేడ్ పరీక్షలు వరసగా పాసైన పిల్లలు కూడా అక్కడ తడబడతారు. అప్పుడు పియానో మూత వేసి, తొడమీద తాళం వేస్తూ "తక తకిట" అనమంటాను. గాత్రం నేర్చుకున్న పిల్ల "ఇది ఖండచాపే కదండీ" అని, కర్ణాటక సంగీతంలోని ఐదక్షరాల తాళాన్ని వెంటనే పట్టేస్తుంది. వేళ్ల వేగం తర్వాతైనా వస్తుంది, ఈ లయ మాత్రం చిన్నప్పుడే ఒంటబట్టాలి.

టైమ్ చాలకపోతే గాత్రం క్లాసులు తగ్గించండి, గురువుగారిని మాత్రం వదలొద్దు. కాంపోజిషన్ కోర్సులకు సొంత రచనల స్వరప్రతులు పంపమంటారు. తనకు బాగా వచ్చిన కృతి రాగంలోనే చిన్న పియానో ముక్క ఒకటి ఇప్పటినుంచే రాయమనండి.