కారులో సీబీ రేడియోతో వేల కిలోమీటర్లు మాట్లాడాలంటే యాంప్లిఫయర్ కొనాలా?

మీరు అడిగింది ఇది: డల్లాస్‌లో ఉంటున్నారు, పికప్‌లో సీబీ (సిటిజన్స్ బ్యాండ్, మామూలు జనం మాట్లాడుకునే రేడియో) పెట్టుకుంటే రెండు మూడు వేల కిలోమీటర్ల అవతలివాళ్లతో మాట్లాడొచ్చని ఎవరో చెప్పారు, అది నిజమేనా, పవర్ పెంచే యాంప్లిఫయర్ తప్పనిసరా, తర్వాత ఆ సెట్ ఇండియాకి పట్టుకెళ్లొచ్చా.

నిజమే. యాంప్లిఫయర్ మాత్రం కొనకండి. అమెరికాలో సీబీకి అది ఎలాగూ నిషేధం. నిషేధం లేకపోయినా నేను కొనొద్దనే చెప్పేవాణ్ణి.

నేనుండేది కూడా టెక్సాస్‌లోనే. మా కాలనీ హెచ్.ఓ.ఏ. (ఇంటి యజమానుల సంఘం) వాళ్లు ఇంటిపైన యాంటెన్నా పెట్టనివ్వరు. శాటిలైట్ టీవీ డిష్ పెట్టుకుంటే ఆపకుండా ఎఫ్.సీ.సీ. (అమెరికాలో రేడియో వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) రూల్ కాపాడుతుంది కానీ, ఆ రూల్ సీబీకీ, పరీక్ష రాసి లైసెన్స్ తీసుకుని వాడే హేమ్ రేడియోకీ వర్తించదు. మన డబ్బుతో మనం కొనుక్కున్న ఇంటి మీద ఒక రాడ్ నిలబెట్టడానికి హక్కు లేకపోవడం ఏంటో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎవరో తలుపు రంగు మార్చారని కూడా ఉత్తరాలు పంపుతారు. అందుకే బండిలో పెట్టాను. ఇప్పుడు ఇంటి మీద పెట్టుకోమన్నా పెట్టను. బండి అయితే మంచి చోటు వెతుక్కుంటూ వెళ్తుంది, ఇల్లు వెళ్లదు కదా.

2024 థాంక్స్‌గివింగ్ సెలవులకి హ్యూస్టన్‌లో ఉండే మా బావమరిది ఇంటికి వెళ్లాం. ఒకరోజు పొద్దున్నే పిల్లలందర్నీ ఎక్కించుకుని గాల్వెస్టన్‌లో ఫెర్రీ ఎక్కి బొలివర్ ద్వీపకల్పానికి పోయాం. ఫెర్రీ ఉచితం. అక్కడ పార్కింగ్ స్టిక్కర్ ఉంటే బండిని ఇసుక మీదకి, నీళ్ల దగ్గర దాకా తీసుకెళ్లొచ్చు. ఆడవాళ్లు దుప్పటి పరిచి పులిహోర డబ్బాలు తీస్తుంటే నేను రేడియో ఆన్ చేశాను. బావమరిది పక్క సీట్లో కూర్చున్నాడు. దారంతా వాడిది ఒకటే పోరు: "బావా, నా మాట విను, ఐదు వందల వాట్ల బాక్స్ ఒకటి తగిలించేయ్. ఎక్కడున్నా నీ గొంతు మోగిపోద్ది."

నా సెట్ మామూలు సైడ్‌బ్యాండ్ (పవరంతా మాటకే పెట్టే పద్ధతి) సీబీ. 12 వాట్లు. వెనక బెడ్ కుడి మూల మీద 102 అంగుళాల స్టీల్ విప్ (సన్నటి రాడ్ యాంటెన్నా), అడుగున స్ప్రింగ్. అంతే.

ముందు ఇంజన్ ఆపాను. అయినా శబ్దం తగ్గలేదు. సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ ఊరికే ఆరు దగ్గర ఊగుతోంది. డాష్‌క్యామ్ ఛార్జర్ పీకేశాను, పిల్లల ఫోన్ ఛార్జర్ పీకేశాను, ముల్లు ఒక్కసారిగా కిందకి పడింది. అప్పుడు తెరుచుకుంది బ్యాండ్. ఛానల్ 38, లోయర్ సైడ్‌బ్యాండ్. న్యూజెర్సీ, మసాచుసెట్స్ వాళ్లు ఒకరి మీద ఒకరు పడి పిలుస్తున్నారు. ఫ్లోరిడా దగ్గరే అయినా ఒక్క గొంతూ లేదు. స్కిప్ అంటే అదే, దగ్గరివాళ్ల తల మీంచి దూకి దూరంవాళ్ల దగ్గర దిగుతుంది.

ఆ గోలలో సన్నగా ఒక స్పానిష్ యాస. పోర్టో రీకో అంటున్నాడు. పిలిచాను. ఎవరో పిలుస్తున్నారని తెలిసింది కానీ, మాట అందలేదు అతనికి. రెండోసారీ అంతే. బావమరిది నా వైపు చూసి "చెప్పానా" అన్నాడు.

నేను దిగి బయట చూశాను. బండి ఒడ్డుకి సమాంతరంగా, ముక్కు ఈశాన్యం వైపు ఉంది. యాంటెన్నా వెనక మూల మీద ఉంటే బండి ఇనుమంతా ఏ వైపు ఎక్కువగా పరుచుకుని ఉందో, సిగ్నల్ ఆ వైపే ఎక్కువగా పోతుంది. ఇక్కణ్ణుంచి పోర్టో రీకో రాజధాని శాన్ హువాన్ తూర్పుకి కొంచెం దక్షిణంగా ఉంటుంది. మా ఆవిడ "ఇప్పుడే కదా పార్క్ చేశారు" అంటున్నా వినకుండా మళ్లీ స్టార్ట్ చేసి, ముక్కు సముద్రం వైపు తిప్పి, గట్టి తడి ఇసుక దాకా పోనిచ్చి ఆపాను. ఇంజన్ ఆఫ్. మళ్లీ పిలిచాను. నా హ్యాండిల్ (రేడియోలో పెట్టుకున్న మారుపేరు) గోదావరి.

"గోదావరి, గోదావరి, టెక్సాస్, సింకో సియెటే!" అన్నాడు. ఐదు, ఏడు. మాట స్పష్టంగా ఉంది, బలం ఏడు. అతను కూడా బండిలోనే ఉన్నాడట, కొండ రోడ్డు పక్కన ఆపుకుని. వాట్లు ఎన్ని అని అడిగాడు. పన్నెండు అన్నాను. నమ్మక మళ్లీ అడిగాడు. మా బావమరిదికి మైక్ ఇచ్చాను. "హలో సర్, హ్యాపీ థాంక్స్‌గివింగ్" అన్నాడు కంగారుగా. అటునుంచి నవ్వు, వెనకాల పిల్లల అరుపులు వినిపించాయి. మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో ఫోన్ కంపెనీ లేదు, టవర్ లేదు, బిల్లు లేదు. సెలవిచ్చేటప్పుడు రెండువైపులా 73 (రేడియో భాషలో శుభాకాంక్షలు) చెప్పుకున్నాం. మా వాడు మైక్ చేతిలో పట్టుకుని "బావా, ఇది నిజంగా పోర్టో రీకోనేనా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ సిగ్నల్ పెరగడం సముద్రం వల్లా, బండి తిప్పడం వల్లానే. సిగ్నల్ దానంతట అదే పెరిగి తగ్గుతుంటుంది, అలా కలిసొచ్చిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఉప్పునీరు కరెంటుని బాగా పారనిస్తుంది, అందుకే నిలువు యాంటెన్నా నుంచి వచ్చే తరంగం చాలా తక్కువ కోణంలో, నింగీ నీరూ కలిసే అంచుని ఆనుకుని బయల్దేరుతుంది. దూరం పోవాలంటే ఆ కోణమే కావాలి. పొడి ఇసుక, తారు రోడ్డు ఆ పని చేయవు. అందుకే సముద్రతీరం, అది కుదరకపోతే చుట్టూ అడ్డం లేని ఎత్తు ప్రదేశం చూసుకోండి.

ఇప్పుడు వాట్ల లెక్క. 12 వాట్లని 120 చేస్తే పది డెసిబెల్స్ పెరుగుతుంది. ఎస్ మీటర్ మీద ఒక్కో అంకె ఆరు డెసిబెల్స్. అంటే పదిరెట్లు కరెంటు కాల్చి, ఎఫ్.సీ.సీ. ఫైన్ భయం నెత్తిన పెట్టుకుని, అవతలివాడి మీటర్ మీద రెండు అంకెలు కూడా పెంచలేరు. పైగా యాంప్లిఫయర్ వినడానికి ఏమాత్రం పనికిరాదు. మంచి యాంటెన్నా పంపడానికీ వినడానికీ రెండింటికీ పనికొస్తుంది. ఛానల్ 6 లో వేల వాట్లు, ఎకో పెట్టుకుని అరిచేవాళ్లని చూడండి, ప్రపంచమంతా వాళ్ల గొంతు వింటుంది, వాళ్లకి ఎవరూ వినపడరు. ఊరు పేరు చెప్పరు, ఎదుటివాడి రిపోర్ట్ అడగరు. దాన్ని మాట్లాడటం అనడానికి నాకు మనసొప్పదు.

డబ్బు పెట్టాల్సింది వేరే చోట్ల. మొదట, ఏఎం మాత్రమే ఉన్న సెట్ కొనకండి. ఏఎంకి అనుమతి 4 వాట్లే, అది కూడా క్యారియర్ (మాట లేని ఖాళీ తరంగం) లెక్క. ఛానల్ 19 లో ట్రక్ డ్రైవర్లతో పోలీసుల గురించీ ట్రాఫిక్ గురించీ మాట్లాడుకోవడానికి ఏఎం చాలు. దూరానికి సైడ్‌బ్యాండ్ ఉండాల్సిందే. యునిడెన్ బేర్‌క్యాట్ 980, ప్రెసిడెంట్ మెకిన్లీ లాంటివి సరిపోతాయి. క్లారిఫయర్ నాబ్‌తో గొంతు సరిచేసుకోవడం ఒక పూటలో వచ్చేస్తుంది. "పీక్ అండ్ ట్యూన్" చేసి పవర్ పెంచి ఇస్తామనే షాపులకి సెట్ ఇవ్వకండి, గొంతు హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పీకేసి గొంతంతా చెడగొట్టి ఇస్తారు.

యాంటెన్నా విషయంలో పొట్టివి చూసి మోసపోవద్దు. సీబీ నడిచే 27 మెగాహెర్ట్జ్ దగ్గర పావు వేవ్ (తరంగం పొడవులో నాలుగో వంతు) అంటే సుమారు 2.75 మీటర్లు, దానికి దగ్గరగా ఉండేదే 102 అంగుళాల విప్. మీ గరాజ్‌లోకి పట్టకపోతే పెద్ద కాయిల్ ఉన్న మ్యాగ్నెట్ మౌంట్ పైకప్పు మధ్యలో పెట్టండి. బెడ్‌నీ ఫ్రేమ్‌నీ, హుడ్‌నీ బాడీనీ, సైలెన్సర్ గొట్టాన్నీ వెడల్పాటి రాగి అల్లిక పట్టీలతో కలపండి. ఈ పనికి ఒక ఆదివారం పోతుంది, కొనే ఏ బాక్స్ కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. పవర్ నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోండి, లైటర్ సాకెట్ నుంచి వద్దు. ఎస్.డబ్ల్యూ.ఆర్. (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత) 1.5 లోపు వచ్చేదాకా మైక్ నొక్కకండి.

ఇక మిగిలింది సూర్యుడు. సిగ్నల్‌ని మళ్లీ నేల మీదకి వంచి పంపే పై ఆకాశపు పొర బలం సూర్యుడి మీదే ఆధారపడుతుంది. పదకొండేళ్లకోసారి వచ్చే సూర్యుడి మచ్చల శిఖరం 2024 ప్రాంతంలో వచ్చింది. ఇప్పుడు దిగుతున్నా, ఇంకా అవకాశం ఉంది. సోలార్ ఫ్లక్స్ (సూర్యుడు ఎంత చురుగ్గా ఉన్నాడో చెప్పే అంకె) 150 దాటిన రోజు, శీతాకాలంలో పగటిపూట ప్రయత్నించండి. పొద్దున తూర్పు వైపు, సాయంత్రం పడమటి వైపు హవాయి వినిపిస్తుంది. మే నుంచి ఆగస్టు దాకా స్పొరాడిక్-ఈ అనే వేరే పొర వల్ల వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు సులువుగా దొరుకుతాయి, దానికి సూర్యుడి శిఖరంతో పనిలేదు.

ఒకప్పుడు 250 కిలోమీటర్లు దాటి సీబీలో మాట్లాడటమే నేరం. 2017 లో ఎఫ్.సీ.సీ. ఆ రూల్ తీసేసింది. పాత ఫోరమ్‌లు చదివి భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. అయితే కెనడా తప్ప వేరే దేశాల స్టేషన్లతో మాట్లాడటానికి ఇప్పటికీ అనుమతి లేదు. పోర్టో రీకో, హవాయి, అలాస్కా అమెరికావే కాబట్టి ఇబ్బంది లేదు. అందుకే బ్రెజిల్ ఎంత గట్టిగా వినిపించినా నేను విని ఊరుకుంటాను.

ఇండియా సంగతి: ఈ సెట్ పట్టుకెళ్లకండి, అక్కడి రూల్స్ వేరు, ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ టెన్షన్ ఎందుకు. అక్కడ ఇదే సరదా కావాలంటే హేమ్ లైసెన్స్ పరీక్ష రాయండి. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్లు శిక్షణ ఇస్తారు. లైసెన్స్ వస్తే సీబీ పక్కనే ఉన్న 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్ దొరుకుతుంది, స్కిప్ తీరు అచ్చం ఇలాగే ఉంటుంది, పైగా దేశాల హద్దు లేదు. సెలవులకి ఇంటికెళ్లే ముందే సిలబస్ తెప్పించుకోండి.