వైరల్ లోడ్ కనిపించకపోయినా గర్భాశయ ముఖద్వార పరీక్ష మానవద్దు

కొత్తగా విదేశానికి వచ్చిన ఆడపడుచులు గుట్టుగా అడిగే ఒక సందేహానికి వివరంగా జవాబు రాయడం అవసరమనిపించింది. హెచ్‌ఐవీకి క్రమం తప్పకుండా మందులు వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయాక కూడా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం విడిగా పరీక్ష చేయించుకోవాలా? తప్పకుండా చేయించుకోవాలి, అదీ మిగతా స్త్రీలకంటే ముందుగా, తరచుగా.

ఈ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. అందులో 16, 18 రకాలే సుమారు 70 శాతం కేసులకు కారణం. లైంగిక జీవితం ఉన్నవారిలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరస్ ఇది, కనుక సోకినంత మాత్రాన ఎవరి నడవడికనూ వేలెత్తి చూపడం అన్యాయం. ఆరోగ్యంగా ఉన్న శరీరం సాధారణంగా ఒకటి రెండేళ్లలో దాన్ని వదిలించుకుంటుంది. హెచ్‌ఐవీ దెబ్బ తీసేది ఆ వదిలించుకునే శక్తినే. రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలైన సీడీ4 కణాలు తగ్గిన శరీరంలో హెచ్‌పీవీ ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది, ఒకేసారి ఒకటికి మించిన రకాలు కూడా ఉండవచ్చు, పైగా అది తయారుచేసే ఈ6, ఈ7 ప్రొటీన్లు కణాల పెరుగుదలను అదుపులో ఉంచే పీ53, ఆర్‌బీ ప్రొటీన్లను పనిచేయనివ్వవు. మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పట్టే ఈ మార్పు, హెచ్‌ఐవీకి చికిత్స అందక రోగనిరోధక శక్తి క్షీణించిన స్త్రీలలో 5 నుంచి 10 ఏళ్లలోనే క్యాన్సర్‌గా ముదరవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మొత్తం మీద హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ఈ ముప్పు సుమారు ఆరు రెట్లు ఎక్కువ.

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు, ముఖ్యంగా సీడీ4 బాగా పడిపోకముందే మొదలుపెట్టినవి, ఈ ముప్పును తగ్గిస్తాయి కానీ పూర్తిగా తీసివేయవు, ఎందుకంటే అవి హెచ్‌పీవీని చంపే మందులు కావు. వైరల్ లోడ్ పరీక్ష లెక్కించేది హెచ్‌ఐవీని మాత్రమే. ఆ రిపోర్టు బాగుందన్న ధైర్యంతో ముఖద్వార పరీక్షను వాయిదా వేయడమే నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం సాధారణ స్త్రీలకు 30వ ఏట మొదలుపెట్టి 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష చేస్తే సరిపోతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారికి 25వ ఏటి నుంచే, 3 నుంచి 5 ఏళ్లకోసారి చేయాలి. కొన్ని దేశాల్లో ఈ వ్యవధి ఇంకా తక్కువ. కానీ హెచ్‌ఐవీ మందులిచ్చే డాక్టరూ, ముఖద్వారం నుంచి పరీక్ష కోసం కణాలు (పాప్ స్మియర్) తీసే నర్సూ వేర్వేరు చోట్ల ఉంటారు, ఒకరి కాగితాలు మరొకరికి చేరకపోవచ్చు. కొత్త క్లినిక్‌లో ఇచ్చే ఫారంలో ‘గతంలో ఉన్న జబ్బులు’ అన్న గడిని మొహమాటంతో ఖాళీగా వదిలేస్తే, మీకు మామూలు వ్యవధే రాసేస్తారు. అందుకని అక్కడ నిజం రాయండి. భాష అడ్డమైతే భర్తనో బంధువునో వెంటపెట్టుకోక, క్లినిక్‌వారు ఏర్పాటు చేసే దుబాసీ ఉన్నారేమో అడగండి; ఇలాంటి విషయాలు ఇంట్లోవారి ముందు నోరు విప్పి చెప్పడం కష్టం.

పాత పాప్ రిపోర్టులు, బయాప్సీ ఫలితాలు, ముఖద్వారానికి ఏదైనా చికిత్స జరిగి ఉంటే ఆ సంవత్సరం, అన్నీ వెంట తెచ్చుకోవాలి, ఎందుకంటే చికిత్స తర్వాత కూడా హెచ్‌ఐవీ ఉన్నవారిలో ముఖద్వార కణాల్లో ఆ మార్పు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. హెచ్‌పీవీ పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన క్యాన్సర్ వచ్చినట్టు కాదు. దాని తర్వాత మరో పరీక్ష చేసి, అవసరమైతేనే చికిత్స చేస్తారు. హెచ్‌పీవీ టీకాలో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి హెచ్‌ఐవీ ఉన్నవారూ నిశ్చింతగా వేయించుకోవచ్చు. వారికి వీలైతే మూడు డోసులు, కనీసం రెండు ఇవ్వాలన్నది సిఫార్సు. అప్పటికే సోకిన వైరస్‌ను టీకా తొలగించలేదు, కనుక టీకా తర్వాతా పరీక్షలు మామూలే.

కలయిక తర్వాత గానీ, నెలసరికీ నెలసరికీ మధ్య గానీ, ముట్లుడిగాక గానీ రక్తం కనిపిస్తే, తర్వాతి పరీక్ష తేదీ దాకా ఆగకుండా ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి, హెచ్‌ఐవీ సంగతి మొదటి మాటగా చెప్పండి.