స్కార్పియో బాల్ జాయింట్లు నిజంగా పోయాయో లేదో ఎలా తెలుస్తుంది? ఇంట్లో మార్చుకోవచ్చా?

మీ స్కార్పియో లక్ష కిలోమీటర్లు దాటింది, గుంతలో పడ్డప్పుడల్లా ముందు ఎడమ పక్క టక్‌మంటోంది, షెడ్డులో నాలుగు బాల్ జాయింట్లూ (ముందు చక్రాల్ని సస్పెన్షన్ ఆర్మ్‌లకు కలిపే, అటూ ఇటూ తిరగగల గుండు కీళ్లు) మార్చాలంటున్నారు. ఇదే కదండీ మీ ప్రశ్న? చక్రం లేపి చూపించకుండా నాలుగూ అన్నారంటే నేనైతే ఇంకా డబ్బు కట్టను. కింది ఆర్మ్‌లవి రెండు లోయర్లు, పై ఆర్మ్‌లవి రెండు అప్పర్లు అన్నీ కలిసి ఒకేసారి పోవడం అరుదు. బరువు మోసేది లోయర్లే కాబట్టి అవే ముందు అరుగుతాయి.

మాదీ స్కార్పియోనే. ఉండేది చీమకుర్తి దగ్గర. గ్రానైట్ లారీలు తిరిగే రోడ్లు ఎలా ఉంటాయో ఒంగోలు పక్క వాళ్లకి చెప్పక్కర్లేదు, కింద పని ఇక్కడ ప్రతి బండికీ వస్తూనే ఉంటుంది. మా బండికీ ఒకసారి ఇలాగే బాల్ జాయింట్లన్నారు. తీరా చూస్తే శబ్దం లింక్ రాడ్‌ది, అంటే మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే బారుని ఆర్మ్‌కి కలిపే చిన్న కడ్డీది. అసలు బాల్ జాయింట్ ఆ తర్వాత చాలాకాలానికి పోయింది, అదీ ఒక పక్క లోయరే. అందుకే ముందు చవకైన అనుమానం తీర్చుకోండి. ఒక చక్రమే గుంతలో పడినప్పుడు టకటకమంటుంటే రెండు పక్కలా లింక్ రాడ్లు విప్పించి, వీధిలోనే నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి చూడండి. శబ్దం ఆగిపోతే దొంగ దొరికినట్టే. అలా విప్పి మాత్రం స్పీడు వెళ్లొద్దు, మలుపుల్లో బండి ఒరుగుతుంది.

ఇక బాల్ జాయింట్. చూడటంలో అసలు కిటుకంతా జాకీ ఎక్కడ పెట్టారన్న దాంట్లో ఉంది. మన బండికి ముందు కాయిల్ స్ప్రింగు బలమంతా లోయర్ ఆర్మ్ మీద పడుతుంది. జాకీ ఛాసిస్ కింద పెట్టి లేపితే స్ప్రింగు ఆర్మ్‌ని కిందికి నెడుతూనే ఉంటుంది, జాయింటు బిగుసుకుపోయి ఉంటుంది. ఎంత ఊపినా ప్లే (వదులు వల్ల వచ్చే ఆట) తెలియదు, బాగానే ఉందనిపిస్తుంది. అందుకని జాకీని లోయర్ ఆర్మ్ కిందే, బాల్ జాయింటుకి వీలైనంత దగ్గరగా పెట్టి, టైరు నేల నుంచి అంగుళం లేచేదాకా ఎత్తాలి. అంతకుముందే వెనక చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. ఛాసిస్ కింద స్టాండు ఉండాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు.

ఇప్పుడు టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతోందా? అయితే చక్రం బేరింగు కూడా కావచ్చు. ఒకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఆట ఆగిపోతే బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. కుడి ఎడమలు పట్టుకుని ఊపితేనే ఆడుతుంటే టై రాడ్ ఎండ్‌ని (స్టీరింగు కడ్డీ చివరి జాయింటుని) చూడాలి. ఆ తర్వాత టైరు కింద లివరు పెట్టి పైకి ఎత్తుతుంటే ఇంకొకరు టార్చి వేసి జాయింటునే చూడాలి. అక్కడ లోహం లోహం మీద జరగడం కంటికి కనబడుతుంది. కొన్ని రకాల జాయింట్లకు కొద్దిపాటి ప్లేని కంపెనీయే అనుమతిస్తుంది, ఎంతన్నది సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. చేతికి టక్‌మని తగిలే ఆటైతే మాత్రం మాన్యువల్ దాకా వెళ్లక్కర్లేదు. రబ్బరు బూటు చినిగి గ్రీజు బయటికి వచ్చిందేమో కూడా చూడండి. చినిగితే నీళ్లూ దుమ్మూ లోపలికి పోతాయి, ఇవాళ ప్లే లేకపోయినా ఎన్నాళ్లో ఆగదు.

(క్రెటా, నెక్సాన్ లాంటి స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే స్తంభంగా ఉండే మెక్‌ఫెర్సన్ స్ట్రట్ బండ్లున్నవాళ్లకి: వాటిలో బరువు లోయర్ జాయింటు మీద పడదు. ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రాన్ని వేలాడదీసే చూడాలి.)

ఇంట్లో మార్చుకోవడమా? నా మాట వింటే లోయర్ జోలికి వెళ్లొద్దు. జాయింటు విప్పాక స్ప్రింగుని ఆపేది ఆర్మ్ కింద జాకీ ఒక్కటే. అది జారిందంటే ఆర్మ్ ఎంత జోరుగా కొడుతుందో ఊహించుకోండి. నేను దగ్గరుండి షెడ్డులోనే చేయించాను.

దగ్గరుంటే కొన్ని పనులు ఆపొచ్చు. పాత జాయింటు రాకపోతే కొందరు గ్యాస్ పెట్టి కాలుస్తారు, అది అస్సలు ఒప్పుకోవద్దు. పుల్లర్‌తో (బిగిస్తూ జాయింటుని ఊడదీసే పనిముట్టుతో) తీయమనండి. నట్టుని పూర్తిగా తీయకుండా, నాలుగు మరల (త్రెడ్ల) మీద ఉండగానే పుల్లర్ బిగిస్తే టపీమని ఊడినా ఆర్మ్ జారి పడదు. విప్పిన బ్రేకు కాలిపర్‌ని హోసు మీద వేలాడదీయకుండా తీగతో కట్టించండి, ఏబీఎస్ వైరు కూడా లాగకుండా చూడండి. కొత్తది ఎక్కించాక గాట్లున్న నట్టుకి (ఊడకుండా అడ్డంగా గుచ్చే) స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి, వదులు చేసి కాదు. పిన్ కొత్తదే వేయాలి. ఆర్మ్ బుష్ (ఆర్మ్ ఛాసిస్‌కి కలిసే చోటి రబ్బరు) బోల్టులు వదులు చేసి ఉంటే వాటి చివరి బిగింపు బండి నేల మీదికి దిగాకే. గాల్లో బిగిస్తే బుష్ మెలిపడి తొందరగా చిరుగుతుంది.

సామాను కొనేముందు ఛాసిస్ నంబరు చెప్పి అడగండి. కొన్ని బండ్లకు జాయింటు బోల్టులతో విడిగా వస్తుంది, కొన్నిటికి ప్రెస్సు కావాలి, కొన్నిటికి ఆర్మ్ మొత్తం కొనాల్సిందే. ఇందులో లోకల్ సామాను వేయించి మిగిల్చే వందలు నాకైతే వద్దు. ఎడమ లోయర్ పోతే కుడి లోయర్ కూడా అప్పుడే మార్చేస్తాను, ఎటూ అలైన్‌మెంట్ చేయించాలి కదా, రెండుసార్లు ఎందుకు?

పరీక్షలో లోయర్‌లో ప్లే కనబడితే పని అయ్యేదాకా ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని హైవే ఎక్కకండి. అది ఊడితే చక్రం బయటికి మడతపడిపోతుంది, స్టీరింగు చేతిలో ఉన్నా లేనట్టే. షెడ్డు దూరమైతే మెకానిక్‌నే ఇంటికి రప్పించండి, లేదా బండిని టోయింగ్ లారీ మీద ఎక్కించి పంపండి.