మెంథాల్ రాస్తే చల్లగా ఎందుకుంటుంది? ఉపశమనం నిజమేనా?

మెంథాల్ ఉన్న బామ్ రాసుకున్నా చర్మం ఉష్ణోగ్రత పెద్దగా మారదు. నరాల చివర్లలో చలిని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం ఉంటుంది. మామూలుగా అది సుమారు 26 డిగ్రీల కంటే చల్లబడితే స్పందిస్తుంది. మెంథాల్ తగిలితే మాత్రం చలి లేకపోయినా స్పందించి, చల్లగా ఉందని మెదడుకు కబురు పంపుతుంది. 2002లో శాస్త్రవేత్తలు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ ఎవరికి వారుగా ఈ గ్రాహకాన్ని గుర్తించారు. ఉష్ణ, స్పర్శ గ్రాహకాలపై చేసిన కృషికి 2021లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ముక్కు దిబ్బడ విషయంలో చాలామంది పొరబడతారు. మెంథాల్ పీలిస్తే గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది గానీ, లోపలి వాపు తగ్గదు. అయినా రాత్రి ఊపిరాడక టెన్షన్ పడేవాళ్లకు ఆ హాయి చిన్నదేమీ కాదు. కండరాల నొప్పి కూడా కాసేపు తగ్గుతుంది.

మన ఆయుర్వేద దుకాణాల్లో పుదీనా పువ్వు పేరుతో అమ్మే తెల్లటి సూదుల్లాంటి స్ఫటికాలు మెంథాలే. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ చుట్టుపక్కల పండే మెంథా పంట నూనెను చల్లబరిచి తీస్తారు. వీటిని వాముపువ్వు, ముద్దకర్పూరంతో సమానంగా సీసాలో వేసి కదిపితే, చుక్క నీరు కలపకుండానే మూడూ కరిగి ద్రవమైపోతాయి. అమృతధార అనే మందు అదే.

కళ్లకు తగలనివ్వకండి. రెండేళ్లలోపు పిల్లలకు ముక్కు దగ్గర అస్సలు రాయకండి, ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.