ముందు పైలట్ల సంగతి చెప్పు

చిరంజీవికి ఆశీస్సులు.

ఓఎఫ్‌డీఎంలో (డేటాను దగ్గరదగ్గర ఫ్రీక్వెన్సీల మీద పంచి ఒకేసారి పంపే పద్ధతి) ఛానల్ ఎస్టిమేషన్ మీద, అంటే దారిలో సిగ్నల్ ఎలా మారిందో అంచనా కట్టడం మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయం తెలుగులో రాయాలని పూనుకున్నందుకు చాలా సంతోషం. అయితే మొదటి పేజీలోనే మాట్రిక్సులు దింపేశావు. రిసీవర్‌కు ఏం తెలుసో, ఏం తెలియదో పాఠకుడికి ముందు చెప్పాలి.

టవర్ నుంచి సిగ్నల్ ఒక్క దారిలోనే రాదు కదా. గోడలకు తగిలి, బిల్డింగుల మీంచి మళ్లి, కాస్త వెనకా ముందూగా ఫోన్‌ను చేరుతుంది. 300 మీటర్లు ఎక్కువ తిరిగొస్తే 1 మైక్రోసెకను ఆలస్యం. ఈ కాపీలన్నీ కలిసేసరికి కొన్ని సబ్‌క్యారియర్లు (డేటాను మోసే ఆ ఫ్రీక్వెన్సీలు) బలపడతాయి, కొన్ని దాదాపు మాయమవుతాయి. ప్రతి సింబల్ (ఒక విడతలో పంపే సిగ్నల్ ముక్క) ముందు దాని చివరి భాగాన్నే కాపీ చేసి అతికిస్తారు, అదే సైక్లిక్ ప్రిఫిక్స్. అది ఆ ఆలస్యం కంటే పొడవుగా ఉండి, సింబల్ గడిచేలోపు ఛానల్ పెద్దగా మారకపోతే, ఒక్కో సబ్‌క్యారియర్‌కు కనుక్కోవాల్సింది ఒకే ఒక్క కాంప్లెక్స్ సంఖ్య, సిగ్నల్ బలం ఎంత మారింది, ఫేజ్ ఎంత తిరిగింది అన్నది చెప్పేది. నువ్వు ఒక్క వాక్యంలో దాటేసింది దీన్నే. ఓఎఫ్‌డీఎం అందమంతా ఇక్కడే ఉంది, ఇక్కడ తీరిగ్గా రాయి.

ఆ సంఖ్య కోసమే పైలట్లు. రిసీవర్‌కు ముందే తెలిసిన విలువలు అవి. అందినదాన్ని పంపినదానితో భాగిస్తే లీస్ట్ స్క్వేర్స్ అంచనా వచ్చేస్తుంది, దాంతోపాటు నాయిజ్ కూడా. ఎల్‌టీఈలో (4జీ) సబ్‌క్యారియర్ల ఎడం 15 కిలోహెర్ట్జ్. పైలట్లున్న సింబల్‌లో ఒక యాంటెనా పోర్టుకు (పంపే వైపు ఒక యాంటెనా అనుకో) ప్రతి 6 సబ్‌క్యారియర్లకు ఒక పైలట్, ఆ తర్వాతి పైలట్ సింబల్‌లో 3 స్థానాలు జరిపి మళ్లీ ఒకటి. ఎందుకలా పెట్టారో రాయి. ఆలస్యాలు పెరిగితే ఛానల్ ఫ్రీక్వెన్సీ వెంట త్వరగా మారుతుంది, వేగం పెరిగితే కాలం వెంట మారుతుంది. గంటకు 120 కిలోమీటర్ల రైల్లో 2.3 గిగాహెర్ట్జ్ దగ్గర డాప్లర్, అంటే కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు, దాదాపు 256 హెర్ట్జ్ దాకా వెళ్తుంది. పోనీ పైలట్లు దట్టంగా నింపుదామంటే డేటాకు చోటు తగ్గుతుంది.

ఎంఎంఎస్ఈ (సగటు వర్గ దోషం అతి తక్కువగా ఉండేలా కట్టే అంచనా) లీస్ట్ స్క్వేర్స్ కంటే మెరుగు అని రాసి వదిలేశావు. ఎందుకు మెరుగు? ఛానల్ కోరిలేషన్ (ఒక చోటి ఛానల్ విలువకు పక్కవాటితో ఉన్న పొంతన), నాయిజ్ స్థాయి దానికి ముందే కావాలి. అవి ఎక్కడి నుంచి వస్తాయి, తప్పుగా ఊహిస్తే ఏమవుతుంది అన్నది రాయకపోతే ఆ పోలికకు విలువ లేదు. 1995లో వాన్ డి బీక్, ఎడ్‌ఫోర్స్ బృందం రాసిన పేపర్ తప్పక చదువు. ఛానల్ శక్తి చాలావరకు మొదటి కొద్ది ట్యాప్‌లలోనే (ఆలస్యాల వారీగా చేరే కాపీలు) ఉంటుంది కాబట్టి వాటివరకే లెక్క కట్టి భారం తగ్గించవచ్చని అందులో చూపించారు.

చివరగా, నాయిజ్ తగ్గేకొద్దీ ఎర్రర్ ఎంతో చూపే నీ గ్రాఫ్. కుడివైపు గీత దిగడం మానేసి బల్లపరుపుగా సాగుతోంది, దాని గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. నాయిజ్ తగ్గినా ఎర్రర్ తగ్గలేదంటే, పైలట్ల మధ్య ఉన్న విలువలను సరళరేఖతో పూరించడమే కారణమని నా అనుమానం. పైలట్ల ఎడం సగానికి తగ్గించి మళ్లీ రన్ చెయ్యి. గీత ఇంకా కిందికి దిగితే కారణం అదే అయ్యుంటుంది. ఆ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి, మాట్రిక్సులను వెనక్కి జరిపి, వ్యాసం మళ్లీ పంపు.